పెరటిలో వేలాడే బాకా పువ్వు: ఉమ్మెత్త కాదు, ఉమ్మెత్తకు తీసిపోదు

గృహవైద్యాన్ని గురించి ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను, వ్రాస్తున్నాను. ఏ ఆకు ఏ నొప్పికి పనిచేస్తుందో చెప్పి మెప్పు పొందిన సందర్భాలనే ఇంతవరకు మీ ముందుంచుతూ వచ్చాను. ఈసారి మాత్రం నేను చేసిన ఒక పొరపాటును చెప్పదలచుకున్నాను. ఇటువంటి పొరపాటు ఎవరి ఇంటిలోనైనా జరుగవచ్చు. మా అక్కయ్య అదృష్టవంతురాలు గనుక నాలుగు రోజుల ఆందోళనతో గండం గడిచింది. అందరి విషయంలోనూ అలా జరుగుతుందన్న భరోసా లేదు.

మూడు ముక్కల సలహా

మా అక్కయ్య బెంగుళూరులో కుమారుని వద్ద ఉంటున్నది. వయస్సు డెబ్బై దాటింది. క్రిందటి శీతకాలంలో ఒకనాటి ఉదయం నాకు ఫోను చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, మోకాళ్లు పట్టేశాయిరా. మెట్లు దిగాలంటే ప్రాణం పోతోంది. మాత్రలు మింగితే కడుపులో మంట. పైకి వేసుకునే కట్టు ఏదైనా చెప్పు" అన్నది. అప్పుడు నా ఎదుట రోగులు కూర్చుని ఉన్నారు. "ఉమ్మెత్త ఆకుకు ఆముదం రాసి, వెచ్చచేసి కట్టుకో అక్కయ్యా, వాపు తీస్తుంది" అని చెప్పి ఫోను పెట్టేశాను.

ఇది నేను కల్పించిన చిట్కా కాదు. మన పల్లెలలో తరతరాలుగా ఉన్నదే. కాని ఆ ఆకును ఎక్కడ నుండి తెస్తావని నేను అడగలేదు. ఆకు పట్టుకున్న చేతులు కడుక్కోమని చెప్పలేదు. చర్మం మీద పుండ్లు, గీతలు ఉంటే కట్టవద్దని హెచ్చరించలేదు.

మూడవనాటి ఉదయం మేనల్లుడు ఫోను చేశాడు. అతని గొంతు వణుకుతున్నది. "మామయ్యా, అమ్మ ఎడమ కంటిపాప బాగా పెద్దదైపోయింది. కుడి కన్ను మామూలుగానే ఉంది. పేపరులో అక్షరాలు అలికినట్టు కనిపిస్తున్నాయంటోంది. ఆసుపత్రికి బయలుదేరుతున్నాం" అన్నాడు. ఒక కంటిపాప మాత్రమే హఠాత్తుగా విప్పారడం ఎంతటి భయంకర లక్షణమో వైద్యం తెలిసినవారికి చెప్పనక్కరలేదు. మెదడులో రక్తస్రావం జరిగినా, రక్తనాళం ఉబ్బి కంటినరాన్ని నొక్కినా అలాగే జరుగుతుంది. ఆ రోజు మధ్యాహ్నం వరకు నాకు ముద్ద దిగలేదు.

మెదడుకు స్కాను తీశారు. దోషం ఏదీ కనబడలేదు. అప్పుడు కంటి వైద్యురాలొకరు వచ్చి పైలోకార్పైన్ అనే మందు చుక్కలు కంటిలో వేసి చూచారట. నరం దెబ్బతిన్నందువల్ల విప్పారిన పాప ఆ చుక్కలకు ముడుచుకుంటుంది. ఏదైనా మందు గాని విషరసం గాని కంటిలో పడి విప్పారిన పాప ముడుచుకోదు. అక్కయ్య కంటిపాప ముడుచుకోలేదు. "అమ్మా, ఈ రెండు మూడు రోజులలో ఏదైనా చెట్టు ఆకు ముట్టుకున్నారా?" అని ఆమె అడిగిన తరువాత గాని మోకాలి కట్టు సంగతి బయటపడలేదు.

మేనల్లుడు ఇంటికి వెళ్లి ఆ చెట్టు ఫొటో తీసి నాకు పంపాడు. చూచి నిర్ఘాంతపోయాను. నిలువెత్తు పొద. దాని నిండా జానెడుకు మించిన పొడవున లేత గులాబి రంగు పూలు, గంటలవలె నేలవైపు వేలాడుతున్నాయి. అది ఉమ్మెత్త కాదు. రెండేళ్ల క్రితం ఉదకమండలం వెళ్లినప్పుడు అందంగా ఉన్నదని వారు తెచ్చి నాటుకున్న మొక్క. పువ్వు బాకావలె ఉండడం చూచి, "మన వినాయకచవితి పత్రిలోని ఉమ్మెత్తే, కొండ జాతి కాబోలు" అని అక్కయ్య అనుకున్నది. ఆకులు కోసి, నలిపి, కట్టు కట్టి, అదే చేతితో కన్ను నలుపుకున్నది. జరిగినదింతే.

కన్ను నాలుగు రోజులలో సర్దుకున్నది. కాని అక్కయ్య తరువాత చెప్పిన ఒక మాట నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. "చిట్టితల్లి ఆ పూలు కోసి పెదాలకు పెట్టుకుని పీ పీ అని ఊదుతూ ఉంటుందిరా" అన్నది. మనవరాలికి ఐదేళ్లు.

ఉమ్మెత్తకూ దీనికీ భేదం

ఈ చెట్టు పేరు బ్రుగ్‌మాన్సియా. తోటలు పెంచేవారు ఏంజెల్స్ ట్రంపెట్ అంటారు, అనగా దేవదూతల బాకా. ఉదకమండలం, కొడైకెనాల్ వంటి చల్లని కొండప్రాంతాలలో రోడ్ల వెంట, ఇళ్ల ముందు విరివిగా కనబడుతుంది. ఈ మొక్కను ఇంటికి తెచ్చుకునేవారు ముందుగా పోలిక, భేదం తెలుసుకోవాలి.

మన ఉమ్మెత్త నడుము ఎత్తు పెరిగే గుల్మం. దీనిది కొయ్యబారిన కాండం, రెండు మూడు నిలువుల ఎత్తు కూడా పెరుగుతుంది, ఏళ్ల తరబడి బ్రతుకుతుంది. ఉమ్మెత్త పువ్వు ఆకాశం వైపు గాని ఏటవాలుగా గాని చూస్తుంది. దీని పువ్వు క్రిందికి వేలాడుతుంది. ఉమ్మెత్తకాయ గుండ్రంగా, ఒళ్లంతా ముళ్లతో ఉండి, పండినప్పుడు పగులుతుంది. దీని కాయ నునుపుగా, పొడవుగా ఉంటుంది, ముళ్లు ఉండవు, తనంతట పగలదు. పూల వాసన సాయంకాలం నుండి రాత్రి వరకు దట్టంగా వ్యాపిస్తుంది.

రెండూ దగ్గరి చుట్టాలే. 1753లో లిన్నేయస్ దీనిని ఉమ్మెత్త జాతిలోనే చేర్చి దతూరా ఆర్బోరియా, అనగా చెట్టు ఉమ్మెత్త అని పేరు పెట్టాడు. 1805లో పెర్సూన్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని వేరుచేసి, హాలండు దేశపు ప్రకృతి శాస్త్రవేత్త బ్రుగ్‌మాన్స్ పేరు మీదుగా బ్రుగ్‌మాన్సియా అన్నాడు. అయినా చాలాకాలం వరకు రెండింటినీ కలిపే చూచేవారు. 1973లో టామీ లాక్‌వుడ్ పరిశోధన వెలువడిన తరువాత ఇది వేరు ప్రజాతి అనే సంగతి స్థిరపడింది. శాస్త్రజ్ఞులకే రెండు శతాబ్దాలు పట్టిన ఈ విభజనలో మా అక్కయ్య పొరబడడం వింత కాదు. అడగకుండా సలహా చెప్పిన నాదే తప్పు.

మంచి కుటుంబం, చెడు కుటుంబం

ఈ చెట్టు ఏ కుటుంబానికి చెందినదో తెలిస్తే గృహిణులు ఆశ్చర్యపోతారు. అది మన వంకాయ కుటుంబం. టమాటా, మిరప, బంగాళాదుంప ఈ ఇంటివే. బలాన్నిచ్చే అశ్వగంధ, కాలేయానికి వాడే కామంచి ఈ ఇంటివే. పొగాకు కూడా ఈ ఇంటిదే. వినాయకచవితి నాడు మనం పూజించే ఇరవై ఒక్క పత్రులలో రెండు, బృహతి అనే వాకుడు, ధత్తూరమనే ఉమ్మెత్త, ఈ కుటుంబానివే. అన్నం పెట్టే చేయి, విషం పెట్టే చేయి ఒకే ఇంటిలో ఉన్నాయి. కనుక పోలికను చూచి గుణాన్ని నిర్ణయించరాదు. పూజకు పనికివచ్చినదల్లా నోటికి పనికిరాదు.

మబ్బులలో పుట్టిన చెట్టు

దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. కొలంబియా, ఈక్వడార్, పెరూ, బొలీవియా దేశాల మీదుగా సాగే ఆండీస్ పర్వతశ్రేణి వాలులలో మబ్బుల అడవులు అనదగినవి ఉన్నాయి. అమెజాన్ వైపు నుండి వచ్చే తేమగాలి కొండలను ఒరుసుకుంటూ పైకి లేచి చల్లబడి, మేఘమై చెట్లలోనే నిలిచిపోతుంది. వాన కురవకున్నా ఆకుల చివరల నుండి నీరు కారుతూనే ఉంటుంది. కొమ్మలన్నీ నాచుతో, ఆర్కిడ్ పూలతో నిండి ఉంటాయి. మండే ఎండ లేదు, గడ్డకట్టే చలి లేదు. బ్రుగ్‌మాన్సియాలో ఏడు జాతులు ఉండగా వాటిలో పలు జాతులకు ఇటువంటి చల్లని, తడి కొండవాలులే ఇష్టం. ఒక సువాసన జాతి మాత్రం బ్రెజిల్ ఆగ్నేయ తీరప్రాంతానిది.

బంగారు రంగు, తెలుపు, గులాబి పూలకు రాత్రివేళ పొడవైన నాలుక గల పెద్ద చిమ్మెటలు వస్తాయి. ఆ సువాసన వాటి కోసమే. ఎర్రపూల జాతికి వాసన లేదు. దాని వద్దకు పగటివేళ కత్తిముక్కు తేనెపిట్ట వస్తుంది. తోకను మినహాయిస్తే ఆ పిట్ట శరీరం కంటే దాని ముక్కే పొడవు. అంత లోతైన గొట్టం అడుగున తేనెను అందుకోవడానికి తగిన ముక్కు అది.

ఇంత వైభవం గల చెట్టు స్థితి నేడు విచిత్రంగా ఉన్నది. ఏడు జాతులూ సహజమైన అడవిలో అంతరించినట్లుగా 2014లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి లెక్కించింది. దీని కాయ పగలదు, గింజలను ఎక్కడికీ చిమ్మదు. ఒకప్పుడు ఈ కాయలను తిని గింజలను దూరదూరాలకు చేర్చిన పెద్ద జంతువులు నశించి ఉండవచ్చునని ఒక అభిప్రాయం. నేడు ఇది మనుషులు కొమ్మలు విరిచి నాటడం వల్ల మాత్రమే బ్రతుకుతున్నది. ఇళ్ల ముందూ దారుల వెంటా ప్రపంచమంతటా కనబడుతున్నది గాని తన అడవిలో లేదు.

ఆ కొండవైద్యుల చేతిలో

ఆండీస్ ప్రజలు ఈ చెట్టును భయభక్తులతో చూచారు. కొలంబియా దక్షిణ భాగంలో సుమారు 2,200 మీటర్ల ఎత్తున సిబుందోయ్ అనే లోయ ఉన్నది. అక్కడి కామ్సా, ఇంగా తెగల వైద్యులు తమ ఇళ్ల వద్ద ఈ చెట్టులో ఎన్నో రకాలను కొమ్మల ద్వారా తరతరాలుగా పెంచుతూ వచ్చారు. 1941లో కొలంబియాకు వెళ్లిన అమెరికన్ వృక్షశాస్త్రవేత్త రిచర్డ్ ఎవాన్స్ షుల్టెస్ ఆ వైద్యుల వద్ద కూర్చుని ఆ రకాలను, వాటి పేర్లను నమోదు చేశాడు. ఒకదాని పేరు పాము, ఒకదాని పేరు తేనెపిట్ట, గొంగళిపురుగు కొరికినట్లు ఆకులున్నదాని పేరు గొంగళి. పాము అనే రకపు ఆకులు ఎంత సన్నగా, వింతగా ఉంటాయంటే షుల్టెస్ 1955లో దానిని పూర్తిగా కొత్త ప్రజాతిగా ప్రకటించాడు. అదీ బ్రుగ్‌మాన్సియాయేనని తరువాత తేలింది. అంతటివాడూ ఈ చెట్టు విషయంలో పొరబడ్డాడు.

నాకు అన్నింటికంటె ఆశ్చర్యం కలిగించినది మరొక సంగతి. ఆ వైద్యులు కూడా ఈ ఆకును వెచ్చచేసి కీళ్లనొప్పులకు, వాపులకు పైపూతగా, కట్టుగా వాడతారు. సముద్రాల కవతల, మన ఊసే ఎరుగని కొండలలో, మన పల్లె చిట్కాయే! మా అక్కయ్య పెరటిలో కలిసినవి ఈ రెండు సంప్రదాయాలే. కాని ఆ లోయలో ఏ రకానికి ఎంత బలం ఉన్నదో తెలిసిన వైద్యుడు పక్కన ఉంటాడు. బెంగుళూరులో ఎవరున్నారు?

లోపలికి సేవించడమంటే అక్కడ కూడా అది ఆటవస్తువు కాదు. కొలంబియా ప్రాంతపు ప్రాచీన రాజ్యాలలో ప్రభువు మరణించినప్పుడు, అతనితోపాటు సజీవంగా పాతిపెట్టబోయే భార్యలకు, సేవకులకు స్పృహ తెలియకుండా ఈ చెట్టు ఆకును మొక్కజొన్న సారాయిలో కలిపి ఇచ్చేవారని స్పానిష్ చరిత్రకారులు వ్రాశారు. స్విట్జర్లాండుకు చెందిన షూడి అనే యాత్రికుడు పెరూ దేశంలో దీని కషాయం త్రాగిన ఒక వ్యక్తిని చూచి, 1846లో వెలువడిన తన గ్రంథంలో ఆ స్థితిని వర్ణించాడు. మొదట చూపు నిలిచిపోయి మ్రాన్పడడం, తరువాత భయంకరమైన ఉద్రేకం, చివరకు గాఢనిద్ర. మెలకువ వచ్చిన తరువాత ఆ మనిషి తన పితరులతో మాట్లాడి వచ్చానని చెప్పాడట. విషవైద్యం తెలిసినవారు ఆ వర్ణన చదివితే ఉమ్మెత్త విషం ఎక్కిన రోగిని వెంటనే గుర్తుపడతారు.

శరీరంలో ఏమి జరుగుతుంది?

ఈ చెట్టులో ఆకు, పువ్వు, గింజ, వేరు అన్నీ విషపూరితాలే. అందులోని ముఖ్యమైన క్షారాభాలు స్కోపోలమైన్, హయోసయమైన్, అట్రోపిన్. మన ఉమ్మెత్తలో ఉన్నవీ ఇవే. మన నరాల చివరల నుండి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడి, లాలాజలం ఊరించమని, చెమట పట్టించమని, గుండె వేగాన్ని అదుపులో ఉంచమని, పేగులను కదిలించమని, కంటిపాపను ముడవమని ఆజ్ఞలు అందిస్తుంటుంది. ఈ విషాలు ఆ ఆజ్ఞలు చేరవలసిన తలుపులకు గడియ వేస్తాయి.

అందువల్ల నోరు, నాలుక పిడచగట్టుకుపోతాయి. చెమట పట్టదు గనుక ఒళ్లు కాలిపోతుంది, ముఖం ఎర్రబారుతుంది. కంటిపాపలు విప్పారి వెలుతురు భరించలేరు, దగ్గరి అక్షరాలు కనబడవు. గుండె వేగంగా కొట్టుకుంటుంది. మూత్రం బిగుస్తుంది. విషం మెదడుకు ఎక్కితే రోగి లేనివారితో మాట్లాడతాడు, గాలిలో నూలుపోగులు ఏరుతున్నట్లు చేతులాడిస్తాడు, అయినవారిని గుర్తించడు. తీవ్రమైతే మూర్ఛలు, అపస్మారకం, మరణం సంభవించవచ్చు. లక్షణాలు అరగంట మొదలు కొన్ని గంటలలోగా మొదలై, ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. పాపలు మామూలు కావడానికి అంతకంటె ఎక్కువ రోజులు పట్టవచ్చు. కోలుకున్న తరువాత జరిగినదేదీ చాలామందికి గుర్తుండదు. ఈ మతిమరపు గుణాన్ని ఆసరా చేసుకుని కొలంబియాలో దొంగలు స్కోపోలమైన్‌ను పానీయాలలో కలిపి బాటసారులను దోచుకోవడం కూడా ఉన్నది.

మరొక ముఖ్య విషయం. ఒకే చెట్టులో కూడా ఆకుకూ ఆకుకూ, పువ్వుకూ పువ్వుకూ, ఋతువుకూ ఋతువుకూ విషం పాళ్లు మారుతుంటాయి. కాబట్టి ఇంత మోతాదు వరకు ఫరవాలేదని ఎవరైనా చెబితే నమ్మరాదు.

ఆ విషమే ఔషధం

ఇంత చెప్పి ఈ క్షారాభాల వల్ల లోకానికి కలిగిన మేలు చెప్పకపోతే అన్యాయమవుతుంది. మద్రాసు ప్రాంతంలో ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చడం చూచి, జనరల్ జెంట్ అనే సైనికాధికారి 1802 ప్రాంతంలో ఆ పద్ధతిని బ్రిటన్‌కు చేర్చాడు. ఐరోపాలో ఉబ్బసపు సిగరెట్లకు అది నాంది అయింది. నేడు ఉబ్బసం, దీర్ఘకాలిక శ్వాసరోగాలవారు పీల్చే ఇప్రాట్రోపియం, టయోట్రోపియం అనే మందులు ఈ క్షారాభాల నమూనా మీద తయారైనవే. వాటిని మెదడులోకి దాదాపు వెళ్లని విధంగా మలిచారు.

కడుపునొప్పి మెలితిప్పినప్పుడు ఇచ్చే బస్కోపాన్ మాత్ర కూడా స్కోపోలమైన్ నుండి చేసినదే. 1944 జూన్‌లో నార్మండీ తీరానికి పడవలలో వెళ్లిన సైనికులకు సముద్రప్రయాణపు వాంతులు రాకుండా ఇచ్చినది ఈ మందునే. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో జర్మనీలో కాన్పు నొప్పులు గుర్తుండకుండా మార్ఫిన్‌తో కలిపి దీనిని ఇచ్చేవారు. తల్లికీ బిడ్డకూ ప్రమాదకరమని తేలిన తరువాత ఆ పద్ధతి మూలపడింది. ఈక్వడార్‌లో ఎర్రపూల జాతిని స్కోపోలమైన్ కోసం తోటలుగా పెంచారు.

మన రైతు కుటుంబాలకు తెలియవలసినది మరొకటి. పురుగుమందు మింగిన రోగిని ఆసుపత్రికి తీసుకువెళితే గంటల తరబడి ఎక్కించే ప్రాణాధారమైన సూదిమందు అట్రోపిన్. కొన్ని పురుగుమందులు శరీరంలో అసిటైల్‌కోలిన్‌ను మితిమీరి పేర్చివేస్తాయి. అట్రోపిన్ ఆ తలుపులు మూసి ప్రాణం నిలుపుతుంది. అదే గడియ ఒకచోట ప్రాణం తీస్తుంది, ఒకచోట ప్రాణం పోస్తుంది. తేడా అంతా కొలతలో, వేసే చేతిలో ఉన్నది.

ఆయుర్వేదం ఏమంటున్నది?

మన శాస్త్రం ఈ సంగతిని ఎన్నడో గుర్తించింది. జిల్లేడు, జెముడు, లాంగలి, గన్నేరు, గురివింద, నల్లమందు, ఉమ్మెత్త అనే ఏడింటిని ఉపవిషాలుగా లెక్కించింది. ఉమ్మెత్త గింజలను పాలలో దోలాయంత్ర విధానంతో ఉడికించి శోధన చేసిన తరువాతనే ఔషధాలలో వాడమన్నది. శ్వాసరోగానికి భైషజ్యరత్నావళిలో చెప్పిన కనకాసవంలో కనకమంటే ఉమ్మెత్తే. దాని సంస్కృత నామమైన ఉన్మత్తమే మన నోట ఉమ్మెత్త అయినది. పిచ్చెక్కించేది అనే హెచ్చరిక ఆ పేరులోనే ఉన్నది. మన ప్రభుత్వపు ఔషధ నియమావళి కూడా ఉమ్మెత్తను విషద్రవ్యాల జాబితాలో చేర్చింది. అది ఉన్న ఆయుర్వేద మందుల మీద, వైద్య పర్యవేక్షణలోనే సేవించాలనే హెచ్చరిక ముద్రించడం తప్పనిసరి.

బ్రుగ్‌మాన్సియా మాట వేరు. అది మన ప్రాచీన నిఘంటువులలో లేదు. దానికి శోధన విధి లేదు, మాత్ర లేదు, అనుపానం లేదు. ఉమ్మెత్తకు చెప్పిన విధిని దీనికి అన్వయించడానికి శాస్త్రాధారం ఏదీ లేదు.

చరకసంహిత సూత్రస్థానం ఆరంభంలోనే ఒక హెచ్చరిక ఉన్నది. ఓషధుల పేర్లు, రూపాలు పశువుల కాపరులకూ అడవిలో తిరిగేవారికీ తెలుస్తాయి గాని, అంతమాత్రాన వాటిని ప్రయోగించే జ్ఞానం వచ్చినట్లు కాదని దాని భావం. సరిగా తెలియని మందును ఆ మహర్షి నిప్పుతోనూ పిడుగుతోనూ పోల్చాడు. ఈ మాటలు విద్యార్థి దశలో కంఠస్థం చేశాను. ఫోనులో మా అక్కయ్యకు సలహా చెప్పేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

నిజం చెప్పాలంటే, ఆమె అసలైన ఉమ్మెత్త ఆకే కట్టుకుని, ఆ చేతితోనే కన్ను నలుపుకుని ఉన్నా ఫలితం అదే. కనుక వేరే చెట్టు వల్ల పొరపాటు జరిగిందని నేను తప్పించుకోజాలను. ఉపవిషాన్ని పుదీనావలె ఫోనులో చెప్పినందువల్ల జరిగింది. ఆనాటి నుండి మోకాలి నొప్పులకు నేను ఉమ్మెత్త కట్టు చెప్పడం మానివేశాను. వావిలాకు వేసి కాచిన నీటితో కాపడం, ఉప్పు మూటతో వెచ్చని కాపడం, నువ్వులనూనె మర్దన, ఆముదపు ఆకు వెచ్చచేసి కట్టడం, ఇవి ఉండగా విషాన్ని ఇంటిలోకి పిలవవలసిన అవసరం లేదు.

గృహస్థులు గుర్తుంచుకోవలసినవి

1. బాకా పూల చెట్టు ఇంటిలో ఉంటే, అది విషవృక్షమని ఇంటిల్లిపాదికీ, పనివారికీ చెప్పండి. పసిపిల్లలు, పశువులు, పెంపుడు జంతువులు తిరిగేచోట దానిని ఉంచవద్దు.

2. కొమ్మలు కత్తిరించేటప్పుడు చేతితొడుగులు ధరించండి. పని ముగిసిన వెంటనే సబ్బుతో చేతులు కడగండి. మధ్యలో కన్ను, ముక్కు, నోరు తాకవద్దు. కత్తిరించిన కొమ్మలను పశువుల మేతలో కలపవద్దు.

3. పూలను పళ్లెంలో అలంకరణకు గాని, ఆహారం మీద గాని, టీ కాచడానికి గాని వాడవద్దు. పిల్లలను పువ్వు ఊదనివ్వవద్దు.

4. పత్రి కోసం, వైద్యం కోసం ఆకు కోసేటప్పుడు మొక్కను తెలిసినవారికి చూపించండి. పువ్వు ఒక్కటే చూచి నిర్ణయించవద్దు. కాయ, కాండం, ఆకు అన్నీ చూడాలి.

5. ఒక కంటిపాప అకస్మాత్తుగా పెద్దదైతే అది చెట్టు రసం వల్లనే అని ఇంటిలో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అయితే ముట్టుకున్న మొక్కల సంగతి, కంటిలో వేసిన మందుల సంగతి వైద్యునికి తప్పక చెప్పండి.

6. ఎవరైనా ఈ చెట్టు భాగాలను గాని ఉమ్మెత్తను గాని మింగితే 108కి ఫోను చేయండి. వాంతి చేయించవద్దు. నిమ్మరసం, చింతపండు పులుసు, పెరుగు వంటి విరుగుళ్లతో కాలయాపన చేయవద్దు. నోరు పుక్కిలింపజేసి, మిగిలిన ఆకునో కాయనో ఒక సంచిలో వేసి రోగితోపాటు తీసుకువెళ్లండి.

7. మతిభ్రమలో ఉన్న రోగిని గాలి సోకిందని, దయ్యం పట్టిందని కొట్టడం, కట్టివేయడం, మంత్రగాని వద్దకు తీసుకువెళ్లడం ప్రాణాపాయకరం. జ్వరం, ఎండిన నోరు, విప్పారిన పాపలు, పొంతనలేని మాటలు ఒకేసారి కనబడితే విషాన్ని అనుమానించండి.

చివరగా

కన్ను బాగుపడిన తరువాత ఆ చెట్టును ఏమి చేయాలన్న చర్చ వచ్చింది. కొట్టివేద్దామని మేనల్లుడు అన్నాడు. అక్కయ్య ఒప్పుకోలేదు. "దాని తప్పేముందిరా? దానికి సొంత అడవి కూడా లేదని నువ్వే చెప్పావుగా. ముట్టుకోవద్దని మనకు ఎవరూ చెప్పలేదు, అంతే" అన్నది. ఐదేళ్ల పాప ఉన్న ఇంటిలో మాత్రం దానిని ఉంచరాదని నేను గట్టిగా చెప్పాను. చివరకు వృక్షశాస్త్రం బోధించే పరిచయస్థులొకరు తమ కళాశాల తోటకు తీసుకువెళతామన్నారు. చేతులకు తొడుగులు వేసుకుని మొదలుతో సహా తవ్వి తీసుకువెళ్లారు.

ఈ మధ్య బెంగుళూరు వెళ్లినప్పుడు అక్కయ్యతో కలిసి ఆ తోటకు వెళ్లాను. చెట్టు క్రొత్తచోట నిలద్రొక్కుకుని పూసింది. మొదట్లో ఒక చిన్న రేకు పలక నాటారు. దాని మీద చెట్టు పేరు, కుటుంబం, పుట్టిన దేశం వ్రాసి, క్రింద ఎర్ర అక్షరాలలో విషం అని వ్రాశారు. అక్కయ్య కళ్లజోడు సవరించుకుని ఆ పలకను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. "ఈ రెండు ముక్కలు నువ్వు ఆనాడే చెప్పి ఉంటే సరిపోయేది కదరా" అన్నది. నేను తల వంచుకున్నాను. ఆ రెండు ముక్కలే ఇప్పుడు మీకు చెబుతున్నాను.